శబ్దము లేని రంపము: సూరత్ నేతవాడలలో ఒక భద్రతా పాఠము

తాపీ నది ఒడ్డున వెలసిన సూరత్ నగరానికి నైరుతి ఋతుపవనాలు సాధారణంగా జూన్ మాసపు మధ్యభాగంలో చేరుకుంటాయి. తొలకరి గాలికి ముందుగా నేలకూలేవి వీధుల ప్రక్కన నీడకోసం నాటిన ఎర్ర తురాయిలు, పచ్చ తురాయిలు. ఇవి త్వరగా ఎదుగుతాయి, వేసవిలో కన్నుల పండువుగా పూస్తాయి. కాని వేళ్లు లోతుకు దిగవు, కొమ్మలలో చేవ తక్కువ. చెట్టు మొదలు చుట్టూ సిమెంటు పలకలు పరచడం వలనను, కాలువలకు, కేబుళ్లకు మాటిమాటికి త్రవ్వడం వలనను ఉన్న వేళ్లు కూడా తెగిపోతాయి. 2021 మే 17వ తేదీ రాత్రి తౌక్టే తుపాను సౌరాష్ట్ర తీరాన్ని దాటినప్పుడు, ఖంభాత్ సింధుశాఖకు ఈవలి ఒడ్డున ఉన్న సూరత్‌లోను చెట్లు కూలి దారులకు అడ్డుపడినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో విశాఖపట్టణ వాసులు చూచిన దృశ్యము ఇంతకు ఎన్నో రెట్లు పెద్దది. ఆ నాడు మంచినీటి తరువాత జనము ఎక్కువగా వెదకిన వస్తువు చెట్లు కోసే యంత్రమే అన్నచో అతిశయోక్తి కాదు.

పెద్ద చెట్టు రాజమార్గముపై పడినచో నగరపాలక సంస్థ అగ్నిమాపక దళము వచ్చి తొలగిస్తుంది. చిక్కు వచ్చేది చిన్న చెట్ల దగ్గర. కార్ఖానా ఆవరణలో విరిగిన కొమ్మ, ఇళ్ల సముదాయపు గేటుకు అడ్డంగా పడిన మ్రాను, రేకుల కప్పుపై వాలిన వేపకొమ్మ, వీటికోసం ఎవ్వరూ దళాన్ని పిలువరు. వెనుక గొడ్డలితోనో చేతి రంపముతోనో పని గడిచేది. ఇటీవలి సంవత్సరాలలో ఇనుప సామానుల దుకాణాలలో బ్యాటరీతో నడిచే గొలుసు రంపములు విరివిగా అమ్ముడవుతున్నవి. పెట్రోలు వాసన లేదు, త్రాడు లాగి స్టార్టు చేయనక్కరలేదు, మీట నొక్కితే చాలును. అందువలన అది కాపలాదారు చేతికో, ప్లంబరు చేతికో, షిఫ్టు ముగించుకొని వచ్చిన నేత కార్మికుని చేతికో వస్తున్నది. ఈ చివరివాని విషయమే ఇచ్చట ముఖ్యముగా చర్చించదగినది.

సూరత్‌లో లక్షలాది మరమగ్గములున్నవి. వాటిపై పనిచేసేందుకు తెలంగాణలోని కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు దశాబ్దాల క్రితమే వలస వెళ్లి, లింబాయత్, ఉధ్నా వంటి పేటలలో స్థిరపడినవి. ఒడిశా, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల నుండి వచ్చిన కార్మికులు వారి ప్రక్క మగ్గముల మీదనే పనిచేస్తారు. నగర ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఆంగ్ల మాధ్యమాలలో బోధనకు ఏర్పాటు చేయవలసివచ్చినదంటే ఈ కలయిక ఎంతటిదో ఊహించవచ్చును. భాషలు వేరైనా పనిముట్ల పేర్లు కొన్ని కలిసే ఉంటాయి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. గుజరాతీలో యంత్రానికి సంచో అని పేరు. సిరిసిల్ల నుండి సూరత్ వచ్చినవాడు ఈ ఒక్క మాటనైనా కొత్తగా నేర్చుకోనక్కరలేదు.

మరమగ్గము వద్ద పెరిగిన కార్మికునికి యంత్రభయము ఉండదు. లుంగీ అంచు బెల్టుకు చిక్కకుండా ఎగగట్టుకొనుట, నాడె ఎగిరిపడే దిక్కున నిలువకుండుట, మగ్గము ఆగనిదే తెగిన పోగును అందుకొనకుండుట, వీనిని అతడు ఎవరూ చెప్పకుండానే చూచి నేర్చుకుంటాడు. ఆ నేర్పు విలువైనదే. అయితే అదే నేర్పు గొలుసు రంపము విషయంలో రెండు విధాల అతనిని మోసగిస్తుంది. మగ్గము నేలకు బిగించి ఉంటుంది. అందలి ప్రమాదము కూడా ఉన్నచోటనే ఉంటుంది. మనిషి ఒక బారెడు ఎడముగా నిలిచినచో సరిపోతుంది. రంపములోని ప్రమాదము మనిషి చేతిలోనే ఉండి, అతడు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. ఇది మొదటిది. రెండవది చెవికి సంబంధించినది. మగ్గాల షెడ్డులో ధ్వని 90 డెసిబెళ్లను మించి ఉంటుంది. ఆ రొదలో కూడా తన మగ్గము నడుస్తున్నదో ఆగినదో కార్మికుడు చెవితోనే గ్రహిస్తాడు. శబ్దము ఆగినదంటే యంత్రము ఆగినట్లే. పెట్రోలు రంపమైనా అంతే. కోయని సమయంలో కూడ గుర్రుమంటూ తాను బ్రతికి ఉన్నానని హెచ్చరిస్తుంది. బ్యాటరీ రంపము అట్లు కాదు. మీట వదలగానే అది పూర్తిగా మూగపోతుంది. చూచువారికి అది ప్రాణము లేని ఇనుపముక్క. కాని బ్యాటరీ లోపల ఉన్నంతవరకు, వ్రేలి ఒత్తిడి తగిలిన క్షణమే గొలుసు పూర్తి వేగముతో తిరుగుతుంది. బ్యాటరీ రంపముతో జరిగే పొరపాట్లలో అనేకము ఈ నిశ్శబ్దము నుండి పుట్టినవే.

గొలుసు కథ

ఈ పనిముట్టు పుట్టుక విచిత్రమైనది. పదునెనిమిదవ శతాబ్దపు చివరి భాగంలో స్కాట్లండుకు చెందిన జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రీ అనే ఇద్దరు వైద్యులు ఎముకను కోయుటకు పళ్లు గల సన్నని చేతిగొలుసును ఉపయోగించారు. కలప కోయుటకు విద్యుత్తుతో తిరిగే గొలుసు రంపాన్ని జర్మనీలో ఆండ్రియాస్ ష్టీల్ 1926లో తయారు చేశాడు. దాని బరువు 64 కిలోలు. ఇద్దరు మనుషులు పట్టుకోవలసివచ్చేది. పెట్రోలు రంపములు ఆ వెంటనే వచ్చి అడవులను ఆక్రమించినవి. ఆ తరువాత 1946లో అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప కార్మికుడు, మోడును తొలుస్తున్న ఒక పురుగును గమనించాడు. దాని దవడలు కుడి ఎడమలకు మారిమారి కొరుకుతూ కలపను ఏ వైపునుండి అయినా తేలికగా తినివేస్తున్నవి. ఆ తీరునే గొలుసు పళ్లకు ఇచ్చాడు. నేడు సూరత్ దుకాణములో దొరికే రంపపు గొలుసులో పళ్లు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంగి ఉండుటకు మూలము ఆ పురుగే. 1991లో లిథియం అయాన్ బ్యాటరీ విపణిలోకి వచ్చిన తరువాత, అది చవుకై, శక్తి పుంజుకొన్న మీదట, విద్యుత్ రంపము తీగ తెంచుకొని బయటపడినది. ఆ బ్యాటరీని సాధ్యము చేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది.

ఈనాటి సాధారణ బ్యాటరీ రంపము మూడు మొదలు అయిదు కిలోల బరువు ఉంటుంది. ముందుకు చాచిన ఉక్కు పట్టీని పనివారు బార్ అంటారు. ఇది ముప్పది నలుబది సెంటీమీటర్ల పొడవుంటుంది. దాని అంచు వెంట గొలుసు తిరుగుతుంది. సెకనుకు 15 మీటర్ల వేగమనగా గంటకు 54 కిలోమీటర్లు. ఒక్క సెకనులో కొన్ని వందల పళ్లు ఒకే చోటును దాటిపోతాయి. బ్యాటరీతో నడిచేది గనుక ఇది పెట్రోలు రంపము కంటె మెత్తగా కోస్తుందనుకొనుట భ్రమ. గొలుసు అదే గొలుసు, పన్ను అదే పన్ను. పైగా విద్యుత్ మోటారు తిరగడం మొదలుపెట్టిన క్షణము నుండే పూర్తి బలాన్ని ఇస్తుంది.

ముక్కు తగిలినప్పుడు

గొలుసు రంపపు ప్రమాదాలలో భయంకరమైనది కిక్‌బ్యాక్, అనగా రంపము ఒక్కసారిగా వెనుకకు తన్నుట. బార్ చివరను, గుండ్రని ముక్కు భాగంలో పై సగము ఏదైనా గట్టి వస్తువుకు తగిలినచో అక్కడి పళ్లు కోయలేక పట్టుకొంటాయి. గొలుసు ముందుకు పోలేదు. కనుక రంపమే పైకి లేచి, విల్లువలె వంపు తిరిగి, పనివాని ముఖము వైపో మెడ వైపో వస్తుంది. ఇదంతా జరుగుటకు పట్టే కాలము సెకనులో పదవవంతు మాత్రమే. మనిషి కన్ను చూచి, మెదడు ఆజ్ఞ ఇచ్చి, చేయి కదలుటకు అంతకు రెట్టింపు కాలమైనా కావలెను. కాబట్టి కిక్‌బ్యాక్ వచ్చిన తరువాత తప్పించుకొనే నేర్పు అంటూ ఏదియు లేదు. రాకుండా చూచుకొనుట ఒక్కటే మార్గము.

ఇందుకు పట్టుకొనే తీరు ప్రధానము. కుడి చేయి వెనుక పిడిపైన, ఎడమ చేయి ముందు పిడిపైన ఉండవలెను. ఎడమ బొటనవ్రేలు తప్పనిసరిగా పిడి క్రిందుగా చుట్టుకొని ఉండవలెను. బొటనవ్రేలిని మిగిలిన వ్రేళ్ల ప్రక్కనే ఉంచి పట్టుకొనుట చాలమంది అలవాటు. అటువంటి పట్టు తన్ను తగిలిన క్షణమే జారిపోతుంది. ఎడమచేతివాటము వారికి కూడా ఈ నియమము మారదు. యంత్రాన్ని ఆ విధంగానే నిర్మించారు. ఎడమ మోచేయి బిగువుగా, మనిషి రంపపు గీతకు కొంచెము ఎడమ ప్రక్కగా నిలిచినచో, రంపము పైకి లేచినా తలకు సూటిగా రాదు. భుజముల ఎత్తును మించి రంపాన్ని ఎత్తరాదు. నిచ్చెన ఎక్కి కోయుట ఆత్మహత్యా సదృశము. సూరత్‌లోనే కాదు, ఏ ఊరిలోనైనా తరచు కనిపించేది ఈ నిచ్చెన దృశ్యమే. క్రింద ఒకరు నిచ్చెన పట్టుకొని తలపైకెత్తి చూస్తుంటారు, పైన ఒకరు ఒక చేత కొమ్మను, ఒక చేత రంపాన్ని పట్టుకొని ఉంటారు. అందని కొమ్మను క్రిందినుండి కోయుటకు పొడవు కర్ర చివర అమర్చిన రంపములు వేరుగా ఉన్నవి. అవి కూడా లేనప్పుడు ఆ పనిని బుట్టబండి గల నగరపాలక సిబ్బందికి వదలుటే ఉచితము.

ముందు పిడికి ఎదురుగా ఉండే వెడల్పాటి ప్లాస్టిక్ కవచము కేవలము చేతికి అడ్డు కాదు. దానిని ముందుకు నెట్టినచో గొలుసు బిగుసుకుపోతుంది; ఇదియే చైన్ బ్రేకు. కిక్‌బ్యాక్‌లో చేయి తగిలి గాని, ఆ ఊపుకే గాని అది తనంతట ముందుకు పడుతుంది. ప్రతిదినము పని ఆరంభించుటకు ముందు రంపాన్ని నేలపై ఆనించి, ఒక్క క్షణము తిప్పి, ఎడమ మణికట్టుతో కవచాన్ని నెట్టి గొలుసు తక్షణమే ఆగుచున్నదా అని పరీక్షించవలెను. ఆగనిచో ఆ రంపముతో ఆ దినము పని లేదు. ఒక చోటినుండి మరియొక చోటికి నడచునప్పుడు, అది రెండడుగులైనా సరే, బ్రేకు వేసి ఉంచుట మంచిది. మీట వదలిన తరువాత కూడా గొలుసు ఒకటి రెండు సెకన్లు తిరుగవచ్చును గనుక వెంటనే తొడ ప్రక్కకు దించరాదు.

కిక్‌బ్యాక్ కాక, రంపానికి మరి రెండు స్వభావాలున్నవి. బార్ అడుగు అంచుతో కోసినచో అది మనిషిని చెట్టు వైపు లాగుతుంది. పై అంచుతో, అనగా క్రిందినుండి పైకి కోసినచో, మనిషి వైపు నెట్టుతుంది. రెండింటికీ కాళ్లు ఎడముగా ఉంచి గట్టి నేలపై నిలుచుటే విరుగుడు. తడి మట్టి, అరటి తొక్కలు, పాలిథిన్ సంచులు నిండిన వర్షాకాలపు వీధిలో ఈ గట్టి నేల దొరకుట అంత సులభము కాదు. ముందుగా చీపురు పట్టుటే మొదటి పని.

కోతి నేర్పిన పాఠము

పంచతంత్రంలోని మొదటి తంత్రంలో మొదటగా వచ్చే కథలలో ఒకటి కోతి కథ. దేవాలయము కడుతున్న వడ్రంగులు ఒక దుంగను సగము చీల్చి, ఆ చీలిక మూసుకొనకుండా మేకు దిగగొట్టి, భోజనానికి వెళ్లారు. ఒక కోతి వచ్చి దుంగపై కూర్చుండి, ఊరక ఉండలేక మేకును ఊడబెరికినది. చీలిక టక్కున మూసుకొన్నది. కోతి చిక్కి మరణించినది. తనకు పనిలేని విషయములో తలదూర్చరాదనే నీతి కొరకు ఈ కథను చెప్పుతారు. కాని కలప పనివాడు దీనిలో మరియొక సత్యాన్ని చూస్తాడు. నేలపై కదలక పడియున్న దుంగలో కూడ బలము దాగి ఉంటుంది. ఆ బలమును పట్టి ఉంచిన ఆధారము తొలగిన క్షణమే అది బయటపడుతుంది.

తుపానుకు కూలిన చెట్టు ఆద్యంతము ఇటువంటి బలముతో నిండి ఉంటుంది. గోడపై వాలిన మ్రాను విల్లువలె వంగి ఉంటుంది. వంపులో ఒక ప్రక్క పీచు సాగి, మరియొక ప్రక్క పీచు నొక్కుకుపోయి ఉంటుంది. సాగిన ప్రక్కన మొదట కోసినచో దుంగ పెటేలుమని చీలి మీదికి వస్తుంది. నొక్కుకున్న ప్రక్కన లోతుగా కోసినచో రంపపు పట్టీ చీలికలో చిక్కుపడి కదలదు. కావున ముందు నొక్కుకున్న ప్రక్కన మూడవ వంతు వరకే కోసి, తరువాత సాగిన ప్రక్కనుండి మెల్లగా పూర్తిచేయవలెను. రెండు కొసలు ఆనుకొని నడుమ వ్రేలాడే దుంగ అయినచో నొక్కుకున్న భాగము పైన ఉంటుంది. కనుక మొదటి కోత పైన, రెండవది క్రింద. ఒక కొస ఆనుకొని రెండవ కొస గాలిలో ఉన్న దుంగకు ఇది సరిగా తారుమారు. ఏది ఎటువంటిదో చూచి తేల్చుకొనుటకు అయిదు నిమిషాలు పట్టినా నష్టము లేదు. రంపము పట్టినవాడు వంపు వెలుపలి ప్రక్కన గాని, దుంగ దొర్లిపోయే పల్లపు ప్రక్కన గాని నిలువరాదు. రంపము చిక్కుపడినచో గుంజరాదు. బ్యాటరీ ఊడదీసి, దుంగను గునపముతో ఎత్తిపట్టి బయటకు తీయవలెను.

వేళ్లతో సహా పెకలింపబడిన చెట్టు మరింత మోసకారి. దాని మొదట మట్టితో కూడిన వేళ్ల పళ్లెము గోడవలె నిలబడి ఉంటుంది. మ్రాను బరువే దానిని అట్లు ఎత్తి ఉంచుతుంది. మొదలు దగ్గర మ్రానును కోయగానే ఆ పళ్లెము తిరిగి గుంటలోకి కూలబడవచ్చును, లేదా ఇవతలి వైపునకు తిరగబడవచ్చును. దాని వెనుక గుంటలో పిల్లలు ఆడుకొంటున్న సందర్భాలు ఊహించుటకే భయము. ఇటువంటి చెట్టును కొమ్మలవరకు మాత్రమే ముక్కలు చేసి, మొదలును అనుభవజ్ఞులకు వదలవలెను. నిలిచి ఉన్న చెట్టును పడగొట్టుట వేరొక విద్య. దానికి చెట్టు ఎత్తుకు రెట్టింపు దూరము ఖాళీ స్థలము కావలెను, అది ఏ నేతవాడ సందులోను దొరకదు. ఆ పైన, వీధిచెట్టును నరుకుటకు నగరపాలక సంస్థ అనుమతి కావలెను. తెలుగునాట సైతము 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము ఇటువంటి అనుమతినే కోరుతున్నది.

కరెంటు తీగపై వాలిన కొమ్మ దగ్గరకు ఏ రంపముతోను వెళ్లరాదు. బ్యాటరీ యంత్రానికి గోడలోని కరెంటుతో సంబంధము లేదు గనుక షాకు తగలదని కొందరు వాదిస్తారు. తీగలోని విద్యుత్తు పచ్చి కొమ్మ ద్వారా, ఉక్కు పట్టీ ద్వారా మనిషిని చేరుటకు ఆ సంబంధము అక్కరలేదు. సరఫరా సంస్థవారు వచ్చి లైను ఆపి, ఆపినట్లు స్వయముగా చెప్పినప్పుడే పని ఆరంభము కావలెను. ఆ ప్రాంతమంతా చీకటిగా ఉన్నంత మాత్రాన తీగలో కరెంటు లేదని భావింపరాదు.

సూరత్‌కు ప్రత్యేకమైన చిక్కు మరియొకటి ఉన్నది. మకర సంక్రాంతి నాడు, గుజరాతీలు ఉత్తరాయణ్ అని పిలిచే గాలిపటముల పండుగలో, నగరపు ఆకాశమంతా దారముతో నిండిపోతుంది. సూరత్ మాంజాకు ఎంతో ప్రసిద్ధి. గాజుపొడి పట్టించిన ఆ దారము తెగి, కొమ్మలలో చిక్కి, వర్షాకాలము వరకు వ్రేలాడుతుంది. అది గొలుసుకు చుట్టుకొన్నచో పళ్లచక్రములోకి పోయి బిగుసుకుంటుంది. ఆ చిక్కును బ్యాటరీ తీయకుండ చేతితో లాగబోయినవాని వ్రేళ్లకు దారము కంటె గొలుసే ముందు తగులుతుంది. మ్రానులో దిగగొట్టిన ప్రకటన బోర్డుల మేకులు, దీపాల తోరణాలు కట్టిన తీగలు కూడ ఇటువంటివే. కోయుటకు ముందు బెరడును చేతితో తడిమి చూచుట మేలు.

నాలుగు భాషలు, ఒక సైగ

సూరత్‌లో ఒక దుంగ చుట్టూ చేరిన నలుగురిలో ఒకరు “ఊభో రహే” అని గుజరాతీలో, ఒకరు “థాంబ్” అని మరాఠీలో, ఒకరు “రుకో” అని హిందీలో, మరియొకరు “ఆగు” అని తెలుగులో కేక వేయుట అసాధ్యమేమీ కాదు. రంపము కోయునప్పుడు దాని ధ్వని ఇంచుమించు 90 డెసిబెళ్లు ఉంటుంది. పెట్రోలు రంపముకంటె తక్కువే అయినా చెవులకు రక్షణ అవసరమే. చెవులు మూసుకొన్న పనివానికి ఈ నాలుగు మాటలలో ఏదియు వినిపించదు. వినిపించినా, తొందరలో పరభాషలోని కేక ప్రోత్సాహమో నిషేధమో తెలియక క్షణము గడిచిపోతుంది. అందుచేత మొదలుపెట్టుటకు ముందే అందరూ కలిసి ఒక చేతిసైగను నిర్ణయించుకోవలెను. రెండు చేతులు తలపై అడ్డముగా ఎత్తుట ఆగుమనుటకు గుర్తు కావచ్చును. ఏదైనా సరే, ఒక్కటే ఉండవలెను. పనివాని కంటికి ఎదురుగా నిలిచి చూచుచుండుట ఒకరి బాధ్యత. వెనుకనుండి వచ్చి భుజము తట్టుట ఎవరికీ తగదు; అతడు ఉలిక్కిపడి తిరిగినచో రంపము కూడ తిరుగుతుంది. మిగిలినవారు కనీసము అయిదు మీటర్ల ఎడముగా ఉండవలెను.

పూర్వము కలప అడితులలో పెద్దరంపము లాగే ఇద్దరిలో ఒకరు దుంగపైన, ఒకరు గుంతలో నిలిచి, ఒకరి ఊపును ఒకరు కనిపెట్టుచు పనిచేసేవారు. ఒకరు అలసినచో రంపమే ఆగేది. యంత్రము వచ్చి ఆ రెండవ మనిషిని తొలగించినది; రెండవ మనిషి అవసరాన్ని తొలగించలేదు.

యంత్రముతో వచ్చిన పుస్తకము సాధారణంగా ఆంగ్లంలో ఉంటుంది. లింబాయత్‌లోని కార్మికుని ఇంట ఆ భాష చదవగలిగినది బడికి పోయే కుమార్తె మాత్రమే కావచ్చును. ఆమెచే చదివించుకొని, బొమ్మలు చూచి, రంపము తిప్పకముందే ఒక సాయంకాలము గడుపుట వృథా కాదు.

ఇక దుస్తుల మాట. తలకు శిరస్త్రాణము, కండ్లకు అద్దములు లేదా జల్లెడ ముసుగు, చేతులకు తొడుగులు, కాళ్లకు ఉక్కు మొనల బూట్లు, ఇవి నలుగురూ ఎరిగినవే. భారత ప్రమాణముల సంస్థ గుర్తు గల శిరస్త్రాణములు, బూట్లు విపణిలో దొరుకుతున్నవి. ఎక్కువమంది ఎరుగనిది కాళ్లను కాపాడే ప్రత్యేకపు పంట్లాము. దాని పొరలలో పొడవైన పీచు ఉంటుంది. గొలుసు తగిలినప్పుడు ఆ పీచు బయటకు వచ్చి పళ్లచక్రాన్ని చుట్టుకొని రంపాన్ని ఆపివేస్తుంది. అంతర్జాతీయ ప్రమాణములలో ఇటువంటి దుస్తులను గొలుసు వేగాన్నిబట్టి 16, 20, 24, 28 మీటర్ల తరగతులుగా విభజించారు. విద్యుత్ మోటారు బలము తగ్గక లాగుతూ ఉంటుంది గనుక బ్యాటరీ రంపము విషయంలో ఈ పంట్లామును సంపూర్ణ కవచముగా భావింపరాదు. ఇది ఖరీదైన వస్తువు. నెలజీతము మీద బ్రతికేవాడు కొనలేడు. రంపాన్ని కొన్న సంఘమో, కార్ఖానా యజమానియో దానితోపాటే కొనవలసిన వస్తువు ఇది. కనీసము లుంగీ, మెడచుట్టూ తువాలు, వదులు చొక్కా ఉండరాదు. నేతవాడలో ఈ మూడూ సహజ వేషమే.

బ్యాటరీయే తాళపుచెవి

గొలుసు బిగువు సవరించుటకు, పన్ను అరగదీయుటకు, దుమ్ము తుడుచుటకు, ఇంకొకరి చేతికి ఇచ్చుటకు, మంచినీరు త్రాగుటకు సైతము ముందు బ్యాటరీని ఊడదీయవలెను. నిశ్శబ్ద యంత్రము ఆగినదని చెప్పుటకు ఇంతకంటె నమ్మదగిన గుర్తు వేరొకటి లేదు. మధ్యాహ్న భోజనవేళ బ్యాటరీని పనివాడు తన జేబులోనో సంచిలోనో ఉంచుకొన్నచో ఆ రంపాన్ని ఏ పిల్లవాడు ముట్టుకొన్నా అది నిజముగా ఇనుపముక్కయే. పంచతంత్రంలోని వడ్రంగులు మేకును దుంగలోనే వదలి వెళ్లారని జ్ఞాపకముంచుకొనవలెను.

విద్యుత్ యంత్రము గనుక నూనె అవసరము లేదనుకొనుట మరియొక పొరపాటు. గొలుసుకు, పట్టీకి నడుమ నూనె లేనిచో రెండూ వేడెక్కి అరిగిపోతాయి. గొలుసు సాగి జారిపోతుంది. వాడివేసిన ఇంజను నూనె పోయుట సరికాదు. రంపపు కొసను తెల్ల కాగితముకు ఎదురుగా, తాకకుండా పట్టి తిప్పినచో సన్నని నూనెచార పడవలెను. పన్ను పదును తెలుసుకొనుటకు రాలే పొట్టును చూచినా చాలును. పదునైన పన్ను పెళుసులు రాల్చుతుంది. మొద్దువారిన పన్ను పిండివంటి దుమ్మును రాల్చుతుంది. దుమ్ము రాలుతున్నప్పుడు మనిషి రంపాన్ని బలముగా నొక్కుతాడు, ఆ నొక్కుడులోనే పట్టు తప్పుతుంది.

లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. మే నెలలో ఎండకు కాగిన రేకుల గదిలో దానిని చార్జింగుకు పెట్టరాదు. పరుపుపైన, బట్టల మూటలపైన అసలే పెట్టరాదు. కృత్రిమ నూలు చీరల గుట్టలున్న ఇండ్లలో ఈ హెచ్చరిక మరింత అవసరము. దానికి తగిన చార్జరునే వాడవలెను. క్రిందపడి పగిలినది, ఉబ్బినది, నీట మునిగినది తిరిగి వాడతగదు. దానిని చెత్తకుండీలో వేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారము వాటిని తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులపై ఉన్నది. నిప్పు అంటుకొన్నచో ఆరినట్లే ఆరి మళ్లీ రగులుకొనే గుణము ఈ బ్యాటరీకి ఉన్నది. దూరముగా పోయి అగ్నిమాపక దళాన్ని పిలువవలెను.

ఇటీవల అరచేతిలో ఇమిడే బుల్లి గొలుసు రంపములు చవుకగా వస్తున్నవి. వీటిలో అనేకములకు చైన్ బ్రేకు ఉండదు. ఒక చేత పట్టుకొనే వస్తువు కాబట్టి రెండవ చేయి సహజముగా కొమ్మను పట్టుకొంటుంది, అదియు కోత ప్రక్కనే. పెద్ద రంపము రెండు చేతులనూ తన వద్దనే కట్టివేసి కాపాడుతుంది. చిన్నది ఎడమచేతిని బలిపెట్టుతుంది. కొమ్మను బిగించి ఉంచుటకు రాయి, త్రాడు, కాలిక్రింది దుంగ ఏదైనా ఉపయోగించవచ్చును, చేయి తప్ప.

ఇంత జాగ్రత్త వహించినా గాయము కావచ్చును. గొలుసు గాయము కత్తిగాటువలె ఉండదు. కండ చిట్లి, అంచులు నలిగి, నూనె, పొట్టు లోనికి పోయి ఉంటాయి. పసుపు, కాఫీపొడి అద్దుట మన ఇండ్ల అలవాటు. ఇట్టి గాయానికి అవి హానియే చేస్తాయి. శుభ్రమైన గుడ్డను మడతపెట్టి గాయముపైన బలముగా, ఎడతెగక అదిమిపట్టవలెను. తడిసినచో తీయక దానిపైననే మరియొక గుడ్డ వేయవలెను. చేతిలోనో కాలిలోనో రక్తము ఎంతకూ ఆగనిచో గాయానికి కొంత పైగా వెడల్పాటి పట్టీతో బిగించి కట్టి, కట్టిన సమయాన్ని వ్రాసి ఉంచవలెను. సూరత్‌లోని తెలుగువారికి అంబులెన్సు అంకె కొత్తగా నేర్చుకొనే పనిలేదు. 2005లో హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ 2007లో గుజరాత్‌లోను ప్రవేశించినది. వ్రేలు తెగిపడినచో దానిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరని సంచిలో మూసి, ఆ సంచిని మంచుముక్కలపై ఉంచి రోగితోపాటు పంపవలెను. వ్రేలిని నేరుగా మంచులో పెట్టినచో కండ చెడిపోయి తిరిగి అతికించుటకు వీలుపడదు.